తల దెబ్బ తర్వాత తెలివి కొలవడం: చంటిబిడ్డకో లెక్క, ముసలాయనకో లెక్క

కేజువాలిటీకి ఒకే రాత్రి మూడు తల దెబ్బలు వచ్చాయనుకోండి. రణస్థలం దగ్గర హైవే మీద బైకు పడిన 20 ఏళ్ల కుర్రాడు. మేడ మెట్ల మీంచి దొర్లిన 10 నెలల పాప. కళ్లాపి తడిలో వాకిట్లోనే జారిన 78 ఏళ్ల మామ్మ. ముగ్గురి కేస్ షీటులోనూ "జీసీఎస్ 14" అనే ఉంది. జీసీఎస్ అంటే తెలివిని 3 నుంచి 15 వరకూ మార్కులతో కొలిచే గ్లాస్గో కోమా స్కేలు. అంకె ఒకటైనా అర్థాలు మూడు. కుర్రాడికి ఆ ఒక్క మార్కు పోవడం చిన్న దెబ్బే కావచ్చు. పాప విషయంలో ఆ 14 ఏ పట్టిక చూసి వేశారో ముందు అడగాలి. మామ్మ తలలో మాత్రం అదే 14 వెనక పెద్ద రక్తపు గడ్డే దాగి ఉండొచ్చు.

పీహెచ్‌సీ, సీహెచ్‌సీ, ఏరియా ఆసుపత్రుల్లో పనిచేసే నర్సులు, డ్యూటీ డాక్టర్లు, 108 సిబ్బంది కోసం రాసిన మార్గదర్శి ఇది. పక్కన కూర్చునే అటెండెంట్లకు కూడా సగం పైగా పనికొస్తుంది. ఎందుకంటే వయసును బట్టి స్కోరు వేయడంలో సగం పని ఇంట్లోవాళ్లని సరిగ్గా అడగడమే.

చేతిలో ఏం ఉండాలి

పెన్ టార్చి, సెకన్ల ముల్లున్న గడియారం, గ్లూకోమీటరు, పల్స్ ఆక్సిమీటరు, పెద్దవాళ్లదీ పిల్లలదీ రెండు సైజుల బీపీ కఫ్‌లు, ఒక పెన్సిలు. వీటితోపాటు పెద్దల జీసీఎస్ పట్టిక, పిల్లల పట్టిక రెండూ గోడకి పక్కపక్కనే అంటించి ఉండాలి. పిల్లల పట్టిక గుర్తున్నట్టే ఉంటుంది గానీ అర్ధరాత్రి రెండు గంటలకి గుర్తుండదు.

మొదటి మెట్టు: స్కోరు వేయకముందే సరిచేయాల్సినవి

మెదడుకి ఆక్సిజన్, రక్తం, చక్కెర అందకపోతే దెబ్బ చిన్నదైనా తెలివి తగ్గుతుంది. అందుకే శ్వాసదారి, ఆక్సిజన్, బీపీ, షుగరు చూసి, సరిచేసి, తర్వాత వేసిన స్కోరునే అసలు స్కోరుగా తీసుకోవాలి. ముందు వేసినదాన్నీ కొట్టేయకండి. టైముతో సహా పక్కన ఉంచండి.

ఇక్కడే వయసు మొదటిసారి అడ్డొస్తుంది. తల దెబ్బలో పైబీపీ 15 నుంచి 49 ఏళ్ల వాళ్లకి 110కి, 50 నుంచి 69 వాళ్లకి 100కి, 70 దాటినవాళ్లకి మళ్లీ 110కి తగ్గకూడదన్నది అంతర్జాతీయంగా పాటించే లెక్క. రోజూ 170 బీపీతో తిరిగే తాతకి 112 వచ్చిందంటే "నార్మల్" అని సంతోషించకండి, ఆయన మెదడుకి అది తక్కువే. 1 నుంచి 10 ఏళ్ల పిల్లల్లో కనీస పైబీపీకి సూత్రం 70 + వయసుకి రెట్టింపు. 3 ఏళ్ల బిడ్డకి 76. పిల్లల్లో బీపీ పడిపోయేసరికే ఆలస్యమైపోతుంది. నాడి వేగం, చేతులు చల్లబడటం అంతకన్నా ముందే చెబుతాయి.

చంటిబిడ్డ విషయంలో ఇంకో ఉచ్చు ఉంది. 5 కిలోల బిడ్డ ఒంట్లో ఉండే రక్తం సుమారు 400 మిల్లీలీటర్లు. నెత్తి చర్మం కింద మెత్తగా ఉబ్బిన చోటే 100 మిల్లీలీటర్లు చేరితే నాలుగో వంతు పోయినట్టు. పెద్దవాళ్లలో తల దెబ్బ ఒక్కటే షాకు తేవడం అరుదు గనుక ఇంకెక్కడో రక్తం పోతోందని వెతుకుతాం. చంటిపిల్లల్లో తల ఒక్కటే చాలు.

షుగరు అందరికీ చూడాలి. గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ అనే షుగరు బిళ్లలు వేసుకునే ముసలివాళ్లకి తప్పనిసరి. షుగరు పడిపోయి కింద పడ్డారా, పడ్డాక షుగరు పడిపోయిందా అన్నది తర్వాత తేల్చుకోవచ్చు. ఈ మందుల ప్రభావం గంటల తరబడి ఉంటుంది. గ్లూకోజు ఎక్కించాక లేచి కూర్చున్న మనిషి మళ్లీ మత్తులోకి జారితే తలలో గడ్డ పెరిగిందో, షుగరు మళ్లీ పడిందో మొహం చూసి చెప్పలేం. రెండోసారి కూడా వేలు గుచ్చాల్సిందే.

రెండో మెట్టు: నిన్న ఈ మనిషి ఎలా ఉండేవాడు?

వయసును బట్టి తెలివి కొలవడంలో అసలు కిటుకంతా ఈ ప్రశ్నలోనే ఉంది. జీసీఎస్ పట్టిక దెబ్బకి ముందు 15 ఉన్న మనిషిని ఊహించుకుని తయారైంది. 6 నెలల బిడ్డకి మాటే రాదు. 80 ఏళ్ల తాతకి మతిమరుపు ముందే ఉండొచ్చు. అందుకని పట్టికతో పోల్చేముందు మనిషిని తనతోనే పోల్చాలి.

తీసుకొచ్చినవాళ్లని "మామూలుగా బాగానే ఉంటాడా?" అని అడగొద్దు. "ఆఁ, బాగానే ఉంటాడు" అనే అంటారు. పనులు అడగండి.

ముసలివాళ్ల గురించి: నిన్న పెన్షన్ డబ్బులు తనే లెక్కపెట్టుకున్నాడా? ఒక్కడే రామమందిరం దాకా వెళ్లి తిరిగొస్తాడా? మనవళ్ల పేర్లు కలగలిపేస్తాడా? ఏ చెవి వినపడదు? శుక్లాల ఆపరేషన్ ఏ కంటికి అయింది? పక్షవాతం ముందే ఉందా, ఏ పక్క? రాత్రి నిద్రమాత్ర వేసుకున్నాడా?

చంటిబిడ్డల గురించి: పేరు పెట్టి పిలిస్తే తిరుగుతుందా? ఎన్ని మాటలొచ్చు? మామూలుగా ఈ టైముకి నిద్రపోయే బిడ్డేనా? కొత్తవాళ్లని చూస్తే ఏడుస్తుందా? ఇప్పటి ఏడుపు రోజూ ఏడ్చే ఏడుపులాగే ఉందా?

ఈ ఆఖరి ప్రశ్నకి తల్లి చెప్పే జవాబుని తేలిగ్గా తీసుకోకండి. అమెరికాలో 42,000 మందికి పైగా పిల్లల మీద చేసి 2009లో ప్రచురించిన పెకార్న్ అధ్యయనంలో, 2 ఏళ్లలోపు బిడ్డ "ఎప్పటిలా లేదు" అని తల్లిదండ్రులు చెప్పడమే సీటీ స్కాన్ గురించి ఆలోచించాల్సిన లక్షణాల్లో ఒకటిగా నిలిచింది. "మా గుంట ఇలాగుండదు బాబూ" అన్న మాట వైద్యపరంగా కూడా ఒక సాక్ష్యమే. ఆ మాటని ఆవిడ అన్నట్టే కేస్ షీటులో రాయండి.

మూడో మెట్టు: జీసీఎస్ వేసే పద్ధతి

గ్లాస్గో కోమా స్కేలుని గ్లాస్గోకి చెందిన గ్రాహం టీస్‌డేల్, బ్రయన్ జెన్నెట్ 1974లో తెచ్చారు. కళ్లకి 4, మాటకి 5, కదలికకి 6, మొత్తం 15. ఏమీ లేకపోయినా 3 వస్తుంది, సున్నా ఉండదు. 2014లో పద్ధతిని సవరించి నాలుగు పనులుగా చెప్పారు: అడ్డంకులేమైనా ఉన్నాయా చూడటం, ముట్టుకోకుండా గమనించడం, పిలవడం లేదా నొక్కడం, తర్వాత మార్కు వేయడం.

చాలామంది తప్పు చేసేది రెండో పని దగ్గర. మంచం పక్కకి వస్తూనే భుజం తట్టేస్తారు. తట్టాక కళ్లు తెరిస్తే అవి తనంతట తాను తెరిచినవో, తట్టితే తెరిచినవో తేలదు. అరనిమిషం ఊరికే నిలబడి చూడండి.

తర్వాత మామూలు గొంతుతో, ఆపైన గట్టిగా పిలవండి. వరస ఉపయోగించండి: "తాతా!", "మామ్మా!", "బాబూ!". ముసలివాళ్లు ఆసుపత్రి రిజిస్టరులో ఉన్న పూర్తి పేరుకి పలక్కపోయినా ఇంట్లో పిలిచే పేరుకి పలుకుతారు. ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చినవాళ్లని ఒడియాలోనూ, మందస, మెళియాపుట్టి కొండల నుంచి వచ్చిన సవరలని వాళ్ల భాషలోనూ అడగాలి. దెబ్బ తగిలాక రెండో భాష ముందు జారిపోవచ్చు. తెలుగులో అడిగి జవాబు రాలేదని మాట మార్కు కోసేయడం మన తప్పు, రోగి తప్పు కాదు.

పిలుపుకి పలక్కపోతే నొక్కాలి. గోరు పక్కన వేలి కొసని పెన్సిలుతో, లేదంటే మెడ భుజం కలిసేచోట కండని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి, కనుబొమ కింద గాడిలోనైనా సరే. నెమ్మదిగా మొదలుపెట్టి బలం పెంచుతూ 10 సెకన్ల వరకూ. ముఖం ఎముక విరిగిన అనుమానముంటే కనుబొమ జోలికి పోవద్దు. ఛాతీ ఎముక మీద పిడికిలితో రుద్దడం ఇంకా చాలాచోట్ల నడుస్తోంది, మానేయాలి. ముసలివాళ్ల పల్చటి చర్మం దానికి కమిలిపోతుంది, పైగా చెయ్యి ఎటు పోతోందో సరిగా తేలదు.

కదలికలో రెండు చేతుల్లో బాగా ఆడిన చెయ్యికే మార్కు. కాళ్లు చూసి వేయకూడదు. మెదడు పనిచేయకపోయినా వెన్నుపాము ఒక్కటే కాలిని ముడవగలదు.

మన భాషలో వచ్చే ఒక చిక్కు: నొక్కితే తెలుగువాడెవడైనా "అమ్మా!" అంటాడు. అది మాటా, మూలుగా? "అమ్మా", "ఓలమ్మో" అని అక్షరం స్పష్టంగా వినపడితే విడి మాట, మాటకి 3. "మ్మ్... ఊఁ..." అని పెదాల మధ్యే నలిగితే మూలుగు, 2. పక్కన ఇంకొకరున్నారా? వాళ్లకి ఏం వినపడిందో అడగండి.

నాలుగో మెట్టు: చంటిపిల్లలూ, చిన్నపిల్లలూ

2 ఏళ్లలోపు బిడ్డకి కళ్ల మార్కులు పెద్దవాళ్లవే. మాట, కదలిక మారతాయి. మాటకి ఈ లెక్క:

5 – ఉంగా అంటుంది, ముద్దుపలుకులు పలుకుతుంది
4 – చిరాగ్గా ఏడుస్తుంది
3 – నొక్కితేనే ఏడుస్తుంది
2 – నొక్కితే మూలుగుతుంది
1 – ఏ శబ్దమూ లేదు

కదలికలో 6 అంటే చెప్పినట్టు చేయడం కాదు, తనంతట తాను మామూలుగా కాళ్లూ చేతులూ ఆడించడం. 5 అంటే ముట్టుకుంటే లాక్కోవడం, 4 అంటే నొక్కితే లాక్కోవడం. ఆ కిందవి పెద్దవాళ్లకున్నట్టే: చేతులు అసహజంగా ముడుచుకుంటే 3, బిగుసుకుని చాచుకుంటే 2, ఏమీ లేకపోతే 1. పిల్లల పట్టికలు నాలుగైదు రకాలున్నాయి. వార్డంతా ఒకటే వాడాలి, పంపేటప్పుడు ఏది వాడారో రాయాలి.

ఎదుగుదలని లెక్కలోకి ఎంతగా తీసుకోవాలో అడిలైడ్ వైద్యులు 1982లో ప్రచురించిన స్కేలు చూస్తే తెలుస్తుంది. కదలికకి 5 మార్కులే ఉన్న అప్పటి పద్ధతిలో, పూర్తి ఆరోగ్యంగా ఉన్న బిడ్డకి 6 నెలలలోపు గరిష్ఠం 9, ఏడాదిలోపు 11, రెండేళ్లలోపు 12, అయిదేళ్లలోపు 13, ఆపైన 14. దెబ్బే తగలని నెలల బిడ్డని పెద్దల కొలతతో కొలిస్తే తెలివి తక్కువగానే తేలుతుందన్నమాట.

ఏడుపుని చదవడం నేర్చుకోవాలి. ఎర్రగా, గొంతు చించుకుని, అమ్మ ఎత్తుకోగానే తగ్గే ఏడుపు మంచిది. సన్నగా కీచుమంటూ, ఎత్తుకున్నా ఊపినా తగ్గని ఏడుపు మంచిది కాదు. అన్నిటికన్నా భయపడాల్సింది సూది గుచ్చినా ఏడవని బిడ్డని చూసి. "ఎంత బుద్ధిమంతురాలో" అని నర్సు మెచ్చుకునే బిడ్డే ఒక్కోసారి అందరిలోకీ ఎక్కువ జబ్బుతో ఉంటుంది.

పిడికిలి పట్టుకోవడం చూసి మోసపోవద్దు. అరచేతిలో వేలు పెడితే పట్టుకోవడం పుట్టుకతో వచ్చే ప్రతిచర్య, అయిదారు నెలలకి పోతుంది. అది తెలివికి గుర్తు కాదు.

మాడు, కళ్లు, పాలు. బిడ్డని నిటారుగా కూర్చోబెట్టి, ఏడుపు ఆపాక మాడు మీద వేలు పెట్టండి. ఏడుస్తుంటే అందరికీ ఉబుకుతుంది. ప్రశాంతంగా ఉన్నా ఉబికి బిగుసుకుని ఉంటే లోపల ఒత్తిడి. కానీ మాడు మామూలుగా ఉన్నంతమాత్రాన ధైర్యపడొద్దు, ఎముకల అతుకులు కలవని తల కొంత సాగుతుంది, అందుకే లక్షణాలు ఆలస్యంగా బయటపడతాయి. నల్లగుడ్డు అస్తమానం కిందికే వాలి పైన తెల్లగుడ్డు కనపడుతుంటే ప్రమాదం. దెబ్బ తర్వాత ఇంట్లో పాలు గట్టిగా చీకిందా అని అడగండి. పరీక్ష కోసమని ఆసుపత్రిలో మళ్లీ పట్టొద్దు, ఆపరేషన్ అవసరమైతే కడుపు ఖాళీగా ఉండాలి.

3 నుంచి 5 ఏళ్ల పిల్లలతో వేరే ఇబ్బంది. మాటలొచ్చు, మాట్లాడరు. మాస్కు, తెల్లకోటు, పక్కన పోలీసు. ఆ మౌనం భయమా, మగతా? మీరు రెండడుగులు వెనక్కి వెళ్లి తల్లి చేత అడిగించండి. "నాలిక చూపించమ్మా." ఫోనులో తనకిష్టమైన పాట పెట్టించండి. భయపడిన బిడ్డ కళ్లు ఫోను వైపు తిరుగుతాయి. మగతలో ఉన్న బిడ్డ కళ్లు తిరగవు.

పెకార్న్ లెక్కలో "తెలివి మారింది" అంటే స్కోరు తగ్గడమొక్కటే కాదు. గాభరా, మగత, అడిగిందే మళ్లీ అడగడం, పిలిస్తే ఆలస్యంగా పలకడం కూడా అందులోకే వస్తాయి. ప్రమాదకరమైన ఎత్తు 2 ఏళ్లలోపు వాళ్లకి 3 అడుగులు, ఆపైన 5 అడుగులు. నులక మంచం మీంచి దొర్లితే 3 అడుగులుండదు, ఎత్తరుగు మీంచి పడితే ఉండొచ్చు. అంచనా వేయొద్దు, తీసుకొచ్చినవాళ్ల నడుమెత్తుతో పోల్చి అడగండి. నుదుటి మీద బొప్పికన్నా చెవి పైన, తల వెనక, నడినెత్తి పక్కల మెత్తటి బొప్పి ఎక్కువ అనుమానించాల్సింది.

చెప్పే కథకీ దెబ్బకీ పొంతన లేకపోతే, ఇంకా బోర్లా పడని బిడ్డ "తనే దొర్లింది" అంటే, ఎవరినీ నిలదీయకుండా ఒంటి మీద ఉన్న గుర్తులన్నీ రాసి మెడికో లీగల్ కేసు నమోదు చేసి పెద్ద డాక్టరుకి చెప్పండి.

మధ్య వయసు గురించి రెండు ముక్కలు

పట్టిక తయారైందే వీళ్ల కోసం గనుక పెద్దగా చెప్పక్కర్లేదు. ఒక్క జాగ్రత్త: "తాగున్నాడు, పొద్దున్నకి లేస్తాడు" అని వదిలేయడం. వాసన వస్తే తాగాడని మాత్రమే తెలుస్తుంది, తలలో ఏముందో తెలియదు. మద్యం దిగేకొద్దీ స్కోరు పెరగాలి. గంటలు గడుస్తున్నా పెరగలేదంటే తప్పు సారాది కాదు.

అయిదో మెట్టు: పెద్దవయసువాళ్లు

ముందు శరీర నిర్మాణం సంగతి. వయసు పైబడేకొద్దీ మెదడు కాస్త ముడుచుకుంటుంది, పుర్రె మాత్రం అంతే ఉంటుంది. మధ్యలో ఖాళీ పెరుగుతుంది. ఆ ఖాళీని దాటే సన్నటి సిరలు సాగి ఉంటాయి, నిలబడ్డ ఎత్తు నుంచి జారినా తెగుతాయి. రక్తం కారినా ఖాళీ ఉంది గనుక ఒత్తిడి వెంటనే పెరగదు. అంతవరకూ మనిషి మాట్లాడుతూనే ఉంటాడు. అందుకే సీటీలో ఒకే స్థాయి గాయమున్న కుర్రవాళ్ల కంటే ముసలివాళ్లకి జీసీఎస్ ఎక్కువ మార్కు చూపిస్తుందని, అదే స్కోరుతో వచ్చినా వీళ్లు కోలుకునేది తక్కువని అధ్యయనాల్లో తేలింది. "13 నుంచి 15 అంటే స్వల్ప గాయం" అనే పుస్తకం మాట 70 దాటాక నమ్మదగ్గది కాదు.

మాట. తేదీ, సంవత్సరం అడిగి మార్కు వేయడం మన పల్లె ముసలివాళ్ల పట్ల అన్యాయం. చదువుకోని మామ్మకి 2025 అయినా 2015 అయినా ఒకటే. నెల అడిగితే "కార్తీకం" అంటుంది, నిజంగా కార్తీకమే అయితే అది పూర్తి సరైన జవాబు. "ఊడుపులయ్యాయా, కోతలొచ్చాయా?", "సిరిమాను అయిపోయిందా, ఇంకా ఉందా?", "తిత్లీ తుఫాను ఎవరింట్లో ఉండగా వచ్చింది?" అని అడిగితే కాలం తెలుస్తోందో లేదో బయటపడుతుంది. ఊరు, తను ఉన్నచోటు, తీసుకొచ్చినవాళ్లు ఏమవుతారు, ఇవి అందరికీ తెలియాలి. "నీ పేరేటి మామ్మా? మనమెక్కడున్నాం?" అంటే "ఇది మా ఇల్లే గదా, గేదెకి కుడితెట్టాలి, ఒగ్గీయండి" అని వాక్యాలు చక్కగా కలిపి చెప్పినా, అది 4. కలివిడిగా మాట్లాడుతోంది గదా అని 5 వేసేయడం ఎక్కువగా కనపడే పొరపాటు.

వినపడని చెవిలో అరవడం దండగ. బాగున్న చెవి వైపు వంగి, గొంతు పెంచకుండా లావు చేసి, మాస్కు దించి, పెదాలు కనపడేలా అడగండి. వయసులో ముందు పోయేది కీచు స్వరాలు వినడమే గనుక అరిచేకొద్దీ తక్కువ అర్థమవుతుంది. కట్టుడుపళ్లు తీసేశాక మాట ముద్దగా వస్తుంది, మార్కు మాట తీరుకి కాదు, అందులో ఉన్న విషయానికి.

కదలిక. "నా చెయ్యి పట్టుకో తాతా" అని, పట్టుకోగానే 6 వేయొద్దు. మతిమరుపు ముదిరినవాళ్లలో చంటిబిడ్డ పిడికిలి ప్రతిచర్య మళ్లీ తిరిగొస్తుంది. అరచెయ్యి తగిలితే చాలు, పట్టేసుకుంటారు. "పట్టుకో" అన్నాక "వదిలెయ్యి" అనండి. రెండూ చేస్తేనే 6. లేదా "నాలిక బయటపెట్టు" అనండి. భుజం పట్టేసినవాళ్లకి "చెయ్యెత్తు" అని చెప్పి ఎత్తలేదని మార్కు కోయడం కూడా తప్పే. మధుమేహంతో వేళ్లు మొద్దుబారినవాళ్లకి గోరు దగ్గర నొక్కితే తెలియకపోవచ్చు, మెడ కండ దగ్గర కూడా చూడాలి. చెయ్యి కాలర్ బోన్ దాటి పైకి, నొక్కినచోటికి వస్తే 5.

కంటిపాప. వయసుతో పాప సహజంగానే చిన్నదవుతుంది, 2 మిల్లీమీటర్లున్నపుడు టార్చి వెలుగుకి కదలిక పట్టుకోవడం కష్టం. గదిలో లైటు ఆర్పి చూడండి. శుక్లాల ఆపరేషన్ అయిన కంట్లో పాప గుండ్రంగా ఉండకపోవచ్చు, గ్లకోమా చుక్కలు కొన్ని దాన్ని సూదిమొన చేసేస్తాయి. 1 మిల్లీమీటరుకి మించి తేడా కనపడితే పాత ఫోటో, ఆధార్ కార్డు ఫోటో కాదు, పెళ్లిలో దగ్గరగా తీసిన సెల్ ఫోటో ఏదన్నా ఉందేమో అడగండి. లేకపోతే కొత్తదనుకునే కదలండి.

గాభరా, సన్నిపాతం. ముసలివాళ్లలో స్కోరు 14 రావడానికి తల గాయంతోపాటు మూత్రంలో చీము, సోడియం తగ్గడం, మూత్రం బిగబట్టి ఉండటం, తుంటి విరిగిన నొప్పి, అన్నీ కారణాలే. ఏకాగ్రత పోయిందా అన్నది దీనికి కీలకం. 4ఏటీ అనే పరీక్షలో డిసెంబరు నుంచి నెలలు వెనక్కి చెప్పమంటారు, 7 నెలలు తప్పు లేకుండా రావాలి. ఆ నెలలు తెలియనివాళ్ల చేత శనివారం నుంచి వారాలు వెనక్కి చెప్పించండి. దానికి అధికారిక మార్కు లేదు, రేపు పోల్చుకోవడానికి పనికొస్తుంది. కానీ వేరే కారణం దొరికింది గదా అని సీటీ ఆపొద్దు. రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు.

మందులు. ఏస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్, ఎసిట్రోమ్ లాంటి పేర్లు ఇంట్లోవాళ్లకి నోరు తిరగవు. "రక్తం పల్చబడే బిళ్ల" అని అడగండి, "గుండెకి స్టెంటు వేశారా? కవాటం మార్చారా?" అని అడగండి, బిళ్లల సంచీ మొత్తం తెప్పించి బల్ల మీద పొయ్యండి.

ఉద్దానం. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ప్రాంతమిది. కవిటి, సోంపేట, కంచిలి, పలాస వైపు నుంచి వచ్చినవాళ్లని డయాలసిస్ గురించి అడగకుండా వదలకూడదు. కిడ్నీ పాడైనవాళ్లలో ప్లేట్‌లెట్లు అంకెకి సరిపోయినన్ని ఉన్నా సరిగా అతుక్కోవు. దానిపైన డయాలసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు. ఆఖరి డయాలసిస్ ఏ రోజు, ఎన్ని గంటలకి, హెపారిన్ ఇచ్చారా? డయాలసిస్ అయిన కొద్ది గంటలు కొందరికి తలనొప్పి, వాంతి, తికమక ఉంటాయి, అవే తలలో గడ్డకీ లక్షణాలు. ఈ రెంటినీ లక్షణాలు చూసి విడదీయాలని ప్రయత్నించి టైము పోగొట్టుకోవద్దు. సీటీ తీయించి, వచ్చే డయాలసిస్ హెపారిన్ లేకుండా చేయాలా అని నెఫ్రాలజిస్టుని అడగండి. ఉద్దానంలో ఈ కిడ్నీ జబ్బు 45 ఏళ్లవాళ్లకీ ఉంది, అక్కడ వయసు గీతని కిందికి జరపాలి.

ఇంతకీ సీటీ ఎవరికి? పెద్దవాళ్లలో వాడే కెనడా నియమం ప్రకారం కాసేపైనా తెలివి తప్పడమో, తికమకపడటమో, జరిగింది గుర్తులేకపోవడమో ఉన్నవాళ్లకి వయసు 65 నిండి ఉంటే అదొక్కటే సీటీకి చాలు. దెబ్బ తగిలిన 2 గంటలకి కూడా 15కి రాకపోయినా, రెండుసార్లు వాంతి అయినా వయసుతో పని లేకుండా చాలు. రక్తం పల్చబడే మందు వాడేవాళ్లని ఆ నియమం తన లెక్కలోంచి తప్పించింది, అంటే వాళ్లకి అది భరోసా ఇవ్వదు.

ఆరో మెట్టు: రాయడం, మళ్లీ మళ్లీ చూడటం

మొత్తం ఒక్కటే రాయడం మానండి. "ఈ3 వీ4 ఎం6, మొత్తం 13" అని రాయండి (ఈ అంటే కళ్లు, వీ అంటే మాట, ఎం అంటే కదలిక). 13 అనే అంకెకి చాలా రకాలుగా చేరొచ్చు, ఎం4తో వచ్చిన 13కీ దీనికీ పోలికే లేదు. కన్ను వాచి మూసుకుపోతే 1 వేయకండి, "పరీక్షించలేం" అని రాయండి, మొత్తం వేయకండి. నోట్లో ట్యూబు ఉన్నా అంతే. పక్కనే ఒక వాక్యం: "నిన్నటి వరకూ వీ4, మూడేళ్లుగా మతిమరుపు" లేదా "10 నెలలు, పిల్లల పట్టిక". ఈ వాక్యం లేకపోతే తర్వాతి షిఫ్టులో వచ్చినవాళ్లు మొదటి నుంచి మొదలుపెట్టాలి.

15 వచ్చేవరకూ అరగంటకోసారి. వచ్చాక 2 గంటలు అరగంటకోసారి, తర్వాత 4 గంటలు గంటకోసారి, ఆపైన 2 గంటలకోసారి. ఒక్క మార్కు తగ్గి అరగంట అలాగే ఉంటే డాక్టరుని లేపండి. కదలికలో 2, కళ్లలో గాని మాటలో గాని 3 తగ్గితే అరగంట ఆగక్కర్లేదు. కొత్తగా గాభరా, పెరిగే తలనొప్పి, వాంతులు, కంటిపాపల్లో తేడా వచ్చినా అంతే. డ్యూటీ మారేటప్పుడు ఇద్దరూ మంచం దగ్గర నిలబడి కలిసి స్కోరు వేయండి, లేకపోతే రాత్రి నర్సు 13, పగటి నర్సు 14 మనిషి మారినందుకే అవుతాయి.

రాత్రిళ్లు "నిద్రపోతున్నాడు, లేపలేదు" అని రాస్తే పరీక్ష చేయనట్టే. చంటిబిడ్డనైనా తాతనైనా లేపాలి. లేచి, మామూలుగా విసుక్కుని, మళ్లీ పడుకుంటే బాగున్నట్టు.

పంపించేటప్పుడు

ఇచ్ఛాపురం నుంచి విశాఖ కేజీహెచ్ దాకా 200 కిలోమీటర్లు దాటిన దారి. స్కోరు 8 గాని అంతకన్నా తక్కువ గాని ఉంటే శ్వాసగొట్టం వేశాకే బండి కదలాలి. కదలిక మార్కు తగ్గుతూ ఉంటే 8 వరకూ ఆగొద్దు. మత్తుమందు ఇచ్చేముందు స్కోరు, కంటిపాపలు రాసిపెట్టండి, ఇచ్చాక కొలిచేది మందునే. సీటీ కోసం పిల్లలకి నిద్రమందు పట్టేటప్పుడు ఎక్కువగా మరిచిపోయేది ఇదే.

ఫోనులో చెప్పాల్సింది: వయసు, దెబ్బ తగిలిన టైము, మొదటి స్కోరు, ఇప్పటి స్కోరు మూడు ముక్కలుగా, పాపలు, బీపీ, షుగరు, నిన్నటి స్థితి, రక్తం పల్చబడే మందు, డయాలసిస్. అరనిమిషం పడుతుంది.

ఇంట్లోవాళ్లు "వయసైపోయింది గదా, తీసుకెళ్లి లాభముందా?" అని అడుగుతారు. వయసు, కదలిక మార్కు, పాపలు, ఈ మూడే భవిష్యత్తుని అంచనా వేసే లెక్కల్లో ముఖ్యమైనవి, నిజమే. అయినా మొదటి 72 గంటల్లో వయసొక్కటే చూసి ఆశ వదులుకునే నిర్ణయం చెప్పకూడదు.

నెల తర్వాత

సీటీ బాగుందని ఇంటికి పంపిన ముసలివాళ్ల కథ అక్కడితో అయిపోదు. తెగిన సన్న సిర నుంచి రక్తం వారాలపాటు ఊరుతుంది. మూడు నాలుగు వారాలకో, ఇంకా ఆలస్యంగానో నడక తడబడటం, పంచెలో మూత్రం పోవడం, ఒక చెయ్యి బలం తగ్గడం, పొద్దున్న బాగుండి సాయంత్రానికి తికమకపడటం మొదలవుతాయి. ఊళ్లో "వయసు మీదపడింది" అంటారు, లేదా పక్షవాతమని పసరు వైద్యానికి తీసుకెళతారు. అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "ఈ మూడు నెలల్లో ఎప్పుడైనా పడ్డాడా?" చిన్న దెబ్బని ఎవరూ గుర్తుపెట్టుకోరు గనుక "గుమ్మం తలకి కొట్టుకుందా? బాత్రూంలో జారాడా?" అని విడివిడిగా అడగండి. పుర్రెకి చిన్న రంధ్రం వేసి రక్తం తీసేస్తే వీళ్లలో చాలామంది మళ్లీ నడుస్తారు.

కోమా నుంచి కళ్లు తెరిచినా పలకని మనిషిని ఇంటికి తెచ్చుకున్నవాళ్లకి జీసీఎస్ సరిపోదు. అలాంటివాళ్లకి 2004లో సవరించిన కోమా రికవరీ స్కేలు ఉంది: 6 భాగాలు, 23 మార్కులు. ఊరికే మంచం పక్కన చూసి "తెలివి లేదు" అని తేల్చినవాళ్లలో 10 మందికి నలుగురిలో ఈ స్కేలుతో తెలివి జాడలు దొరికాయని 2009లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. ఒక్కరోజు చూసి తేల్చకుండా వేర్వేరు రోజుల్లో కనీసం 5 సార్లు పరీక్షించాలి. చూపు వెంటాడుతుందా అని వేలు ఊపే బదులు ముఖం ముందు అద్దం పట్టి పక్కకి జరపండి, ఎక్కువమందికి కళ్లు కదులుతాయి. ముసలివాళ్లకైతే ముందు కళ్లజోడు పెట్టి, చెవిలో గుమిలి తీయించి, గదిలో టీవీ ఆపి, తినిపించిన గంట తర్వాత, రోజులో బాగా మెలకువగా ఉండే వేళ చూసి, పేరు పెట్టి పిలవాల్సింది మనవరాలి చేత.